సుబ్బులు గారి ముక్కలు

పొద్దున్నే తెనాలి స్టేషన్లో మొగుడూ పెళ్ళాం చెరో రైలూ ఎక్కేవాళ్ళు. గంగాధరరావు రేపల్లె పాసింజరు, వెంకటసుబ్బులు బాపట్ల వైపు పోయే బండి. ఆయనకి రేపల్లెలో చేపల సొసైటీలో గుమాస్తా పని. ఆవిడకి బాపట్లలో ఒక వరి పరిశోధన ఆఫీసులో, లెక్కల విభాగంలో ఉద్యోగం. ఎవరి ఊళ్ళో కాపరం పెట్టినా రెండోవాళ్ళు తెనాలిలో దిగి ఇంకో బండి పట్టుకోవాల్సిందే. అందుకని ఇద్దరికీ కాని తెనాలిలోనే అద్దెకి దిగారు.

"మన కాపరం జంక్షన్లో పడింది సుబ్బులూ" అనేవాడు గంగాధరరావు. కొత్తలో ఆ మాటకి ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు. నాలుగైదేళ్ళు పోయాక ఆయన అనడం మానేశాడు, ఆవిడ నవ్వడం మానేసింది.

సుబ్బులుది సూర్యలంక. నాన్న సింగయ్య పడవ మీద వేటకి పోయేవాడు. అమ్మ పేరమ్మ తట్ట నెత్తిన పెట్టుకుని బాపట్ల వీధుల్లో చేపలమ్మేది. ఆ ఇంట్లోంచి ఒక ఆడపిల్ల గుంటూరు హాస్టల్లో ఉండి లెక్కల్లో బీయస్సీ చదివిందంటే ఆ రోజుల్లో చుట్టుపక్కల పేటల్లో కథగా చెప్పుకున్నారు. 1966లో ఉద్యోగం వచ్చినప్పుడు పేరమ్మ కూతురి ఆఫీసు ఉన్న వీధిలోకి తట్ట పట్టుకుని వెళ్ళడం మానేసింది. మానెయ్యమని సుబ్బులు అనలేదు. మానవద్దనీ అనలేదు. ఆ రెండో సంగతి ఆవిడకి చాలా కాలం గుచ్చుకుంటూనే ఉంది.

ఆఫీసులో ఆవిడ పనల్లా చేత్తో తిప్పే లెక్కల మిషను దగ్గర. మీటలతో అంకెలు పెట్టి, పక్కనున్న పిడి ముందుకి తిప్పితే కూడేది, వెనక్కి తిప్పితే తీసివేసేది. పొలాల నుంచి దిగుబడి అంకెలు కట్టలు కట్టలుగా వచ్చేవి. ఏ విత్తనం మేలు, ఏ ఎరువు మేలు అని తేల్చడానికి వాటిని కూడాలి, ఒక్కో అంకెనీ దానితోనే హెచ్చించి వర్గాలు కట్టాలి, మళ్ళీ కూడాలి. సాయంత్రానికి కుడిచెయ్యి మణికట్టు దగ్గర రోలులా బరువెక్కేది. ఇంటికొచ్చి ఆముదం రాసి కాపడం పెట్టుకుంటే గానీ అన్నం కలుపుకోలేకపోయేది.

1971లో ఆఫీసరు దశరథరామయ్య గారు ఆవిడని పిలిచారు.

"అమ్మా సుబ్బులూ, హైదరాబాద్‌లో కంప్యూటర్ నేర్పిస్తారట. మన దగ్గర మగాళ్ళెవరూ వెళ్ళమంటున్నారు. ఆ మిషనొస్తే మన పొట్ట కొడుతుందని వాళ్ళ భయం. నువ్వు వెళ్తావా?"

"ఎన్నాళ్ళండి?"

"ఆరు వారాలు."

"చేత్తో తిప్పేదేమన్నా ఉందా సార్?"

ఆయన నవ్వారు. "తిప్పేదేం లేదమ్మా. రాసేదే."

"అయితే వెళ్తానండి."

వెళ్ళింది, నేర్చుకుంది, వచ్చింది. కంప్యూటర్ మాత్రం బాపట్ల రాలేదు. అది హైదరాబాద్‌లోనే, చల్లటి గదిలో ఉండేది. ఇక్కడ గళ్ళ కాగితం మీద, గడికి ఒక అక్షరం చొప్పున ప్రోగ్రాం రాసి పార్సిలు పంపాలి. అక్కడ ఎవరో అమ్మాయిలు దాన్ని చూసి అట్టకార్డుల మీద చిల్లులు కొడతారు. ఆ కార్డుల కట్టని మిషను చదువుతుంది. జవాబు వెడల్పాటి కాగితం మీద అచ్చయి తపాలాలో తిరిగొస్తుంది. వెళ్ళిరావడానికి పదిరోజులు. కాగితం విప్పితే ఒక్కోసారి లెక్క ఉండేది కాదు, ఒక్క వాక్యం ఉండేది: ఫలానా వరసలో తప్పు. కామా ఒకటి పోయిందన్నమాట. లేకపోతే సున్నా రాసిన చోట చిల్లులు కొట్టే అమ్మాయి ఇంగ్లీషు 'ఓ' అక్షరం కొట్టిందన్నమాట. ఆ కామా పెట్టి మళ్ళీ పంపితే మళ్ళీ పదిరోజులు.

ఈ తిప్పలు పడలేకే సుబ్బులు కొన్ని కాగితాలు రాసిపెట్టుకోవడం మొదలుపెట్టింది. గొప్ప పని చేద్దామని కాదు. ఒకసారి సరిగ్గా నడిచిన ప్రోగ్రాం ముక్కని మళ్ళీ మొదట్నుంచీ రాయడం ఎందుకని. అంకెలు చదివించుకునే ముక్క ఒకటి, సగటు కట్టే ముక్క ఒకటి, చిన్నదాని నుంచి పెద్దదాని దాకా వరసలో పెట్టే ముక్క ఒకటి, పొలంలో ఒక మడి పశువులు తినేసి అంకె లేకపోతే ఏం చెయ్యాలో ఒకటి. ఒక్కో ముక్క ఒక్కో కాగితం మీద రాసి, అడుగున తెలుగులో నాలుగు మాటలు చేర్చేది. 'ఇక్కడ మీ మడుల సంఖ్య వేసుకోండి. మిగతాది ముట్టుకోవద్దు. నేను ముట్టుకుని పదిరోజులు పోగొట్టుకున్నాను.' 'సున్నాకి అడ్డగీత పెట్టండి. పెట్టకపోతే అది ఓ అయిపోతుంది.' ఇలాంటివి.

మరుసటేడు ఆంధ్రా ఉద్యమం వచ్చింది. రైళ్ళు ఆగిపోయాయి, ఆఫీసులు మూతపడ్డాయి, పార్సిళ్ళు ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. సుబ్బులు తెనాలి ఇంట్లో కూర్చుని ఆ కాగితాలన్నీ శుభ్రంగా తిరగరాసింది. తన పెళ్ళయ్యాక మొగుడూ తనూ రోజూ కలిసి మధ్యాహ్నం భోజనం చేసింది ఆ నెలల్లోనే. చేతిలో జీతం లేదు గానీ, ఆ రోజులు బావున్నాయని తరవాత ఆవిడే ఒప్పుకుంది.

ఆఫీసు తెరిచాక దశరథరామయ్య గారు ఆ కాగితాలు చూసి స్టెన్సిల్ కొట్టించి సైక్లోస్టైల్ తీయించారు. "అందరికీ పనికొస్తాయమ్మా" అన్నారు. అక్కణ్ణుంచి మొదలైంది.

పక్క విభాగాల వాళ్ళు పట్టుకుపోయారు. పరిశోధన చేసే పిల్లలు పట్టుకుపోయారు. గుంటూరు నుంచి, మచిలీపట్నం నుంచి, ఎక్కడో అనకాపల్లి నుంచి ఉత్తరాలు వచ్చేవి. 'సుబ్బులు గారి ముక్కలు' అని పేరు పడిపోయింది. ఆఫీసులో ఒకాయన టీ తాగుతూ, "వాళ్ళమ్మ చేప ముక్కలు, ఈవిడ ప్రోగ్రాం ముక్కలు" అన్నాడట. అది సుబ్బులు చెవిన పడింది. తన బల్ల దగ్గరికి పోయి కూర్చుని, ఆ రోజు పార్సిలు కట్టింది.

ముక్కలు రాసినప్పుడు పని తగ్గుతుందనుకుంది. తగ్గలేదు. కాగితం తీసుకున్నవాళ్ళు పైన ఉన్న ప్రోగ్రాం ఎక్కించుకునేవాళ్ళు, అడుగున ఉన్న నాలుగు మాటలు చదివేవాళ్ళు కాదు. తప్పొస్తే తిన్నగా ఆవిడ దగ్గరికే వచ్చేవాళ్ళు. ఆఫీసులో దొరక్కపోతే తెనాలి ఇంటికొచ్చేవాళ్ళు. ఆదివారం గుమ్మంలో చెప్పులు చూసి పక్కింటావిడ, "ఏంటి పిన్నిగారూ, ట్యూషన్లు పెట్టారా?" అని అడిగింది. గంగాధరరావు కాఫీలు కాచేవాడు. మొదట్లో వచ్చినవాళ్ళతో కబుర్లు కూడా చెప్పేవాడు. రానురాను గ్లాసులు అక్కడ పెట్టి దొడ్లోకి పోయేవాడు.

"కాగితంలోనే ఉందండీ, చదవండి" అనేది సుబ్బులు.

"మీరు నోటితో చెప్తే తేలిగ్గా అర్థమవుతుందండి" అనేవాళ్ళు వాళ్ళు.

అలా 1976 వచ్చింది. తొలకరి పడ్డ ఒక ఆదివారం, సుబ్బులు అన్నం తిని చాప మీద అప్పుడే నడుం వాల్చింది. తలుపు కొట్టిన చప్పుడు. గంగాధరరావు తీశాడు.

గుమ్మంలో తడిసిన చీరతో ఒకమ్మాయి. చంకలో పాలిథిన్ సంచిలో చుట్టిన ప్రింటు కాగితాల దొంతర. పేరు కుసుమకుమారి అంది. వేమూరు దగ్గర పల్లెట, రైతుల పిల్ల, వ్యవసాయంలో ఎమ్మెస్సీ చేస్తోంది. మాట మర్యాదగానే ఉంది గానీ ముఖం మాత్రం దెబ్బలాటకి వచ్చినట్టుంది.

"మీ కాగితం పెట్టే చేశానండి మేడమ్. నాది మూడు పంటకార్ల పని. మా నాన్న పొలంలోనే మడులు కట్టి, దగ్గరుండి కోయించి, నా చేత్తో తూచాను. కొత్త రకానికీ మా పాత రకానికీ ఇసుమంత తేడా లేదంటోంది మీ లెక్క. రాశి పోసి చూస్తేనే కంటికి తేడా కనపడుతోంది కదండీ! మా సారు నేనే సరిగ్గా తూచలేదంటున్నారు."

"కూర్చోమ్మా. ముందు తల తుడుచుకో" అంది సుబ్బులు. గంగాధరరావు తువ్వాలిచ్చాడు.

సుబ్బులు ప్రింటు కాగితం ముందరేసుకుంది. సగటులన్నీ చూసింది. అన్నిట్లోనూ దశాంశ చుక్క తరవాత సున్నాలే. ఒక్క మడిలోనైనా అరకిలో, పావుకిలో ఉండదా? నా ముక్కలోనే తప్పుందా, ఇన్నాళ్ళూ ఇంతమందికి ఇచ్చానే అనుకుంది.

"నువ్వు వాడిన కాగితం ఉందా?"

ఆ అమ్మాయి తీసిచ్చింది. సైక్లోస్టైల్ కాగితమే. కానీ అచ్చు వేరు. పైన 'విద్యార్థుల సౌకర్యార్థం: సంకలనం బసవేశ్వరరావు, లెక్చరర్' అని ఉంది. అడుగున చిన్న అక్షరాల్లో 'మూలం: శ్రీమతి వెంకటసుబ్బులు' అని. తను రాసిన తెలుగు మాటలు ఒక్కటీ లేవు. ప్రోగ్రాం మాత్రం వరస తప్పకుండా తనదే. ఒక్కటే తేడా. కూడిన మొత్తాన్ని దాచుకునే చోటికి తను 'సమ్' అని పేరు పెట్టింది. ఆయన పిల్లలకి అర్థమవ్వాలని దాన్ని 'మొత్తం' చేశాడు, ఇంగ్లీషు అక్షరాల్లో. ఎమ్‌తో మొదలయ్యే మొత్తం.

సుబ్బులు కాగితం ఒళ్ళో పెట్టుకుని కాసేపు గోడకి ఆనుకుంది.

"ఏంటండీ?" అంది కుసుమకుమారి.

"ఈ భాషలో ఒక నియమం ఉందమ్మా. పేరు ఐ నుంచి ఎన్ దాకా ఉన్న ఏ అక్షరంతో మొదలైనా దాంట్లో నిండు అంకెలే నిలుస్తాయి. చుక్క తరవాతది రాలిపోతుంది. నువ్వు నాలుగూ ముప్పాతిక అని ఇచ్చినా అది నాలుగే దాచుకుంటుంది. ఒక్కో మడీ కలిపినప్పుడల్లా ఇంత చొప్పున పారబోసుకుంటూ పోయింది."

"పేరు మారిస్తేనా?"

"పేరు మారిస్తేనే. పేరు మార్చేటట్టయితే మొదటి అక్షరం చూసుకోండి అని నేను అడుగున రాశాను. అది తీసేశారు."

కుసుమకుమారి ఆ కాగితం తన వైపు లాక్కుని ఆ పేరు చూసింది. తరవాత నెమ్మదిగా, "నేను తూచింది తప్పు కాదన్నమాట" అంది. ముఖంలో ఉన్న దెబ్బలాట అంతా ఒక్కసారి దిగిపోయింది. అప్పుడు చూస్తే ఆ పిల్ల కళ్ళ కింద నల్లగా చారలు.

ఇది నా కాగితం కాదమ్మా అని పంపించెయ్యొచ్చు. ఆ మాట సుబ్బులు నాలిక చివరిదాకా వచ్చింది కూడా. కానీ గళ్ళ కాగితాలు తీసి, ఆ సాయంత్రమంతా ఇద్దరూ కూర్చుని ప్రోగ్రాం మళ్ళీ రాశారు. మర్నాడు ఆఫీసు పార్సిలుతో పాటే అదీ హైదరాబాద్ వెళ్ళింది.

బసవేశ్వరరావు తెనాలిలోనే ఉండేవాడు, ఒక కాలేజీలో లెక్కలు చెప్పేవాడు. ఆ వారంలో ఒక సాయంత్రం సుబ్బులు రైలు దిగి తిన్నగా వాళ్ళింటికి వెళ్ళింది. ఆయన అరుగు మీద పడక కుర్చీలో ఉన్నాడు. ఆవిడెవరో తెలియగానే లేచి నిలబడ్డాడు.

"మీరా అమ్మా! రండి రండి. మీ ముక్కలు మా పిల్లలకి ఎంత ఉపకారం చేశాయో. ఇంగ్లీషు పేర్లతో తికమక పడుతుంటే నేనే కాస్త తెలుగు చేశాను."

సుబ్బులు సంగతి చెప్పింది. ఆయన మొదట నవ్వాడు.

"పేరులో ఏముందమ్మా? మనం ఏ పేరు పెట్టి పిలిస్తే ఏం, లెక్క ఒకటే కదా?"

"మనకి ఒకటేనండి. మిషనుకి కాదు."

ఆయన కాగితం తెప్పించుకుని చూశాడు. మళ్ళీ చూశాడు. నవ్వు పోయింది. కుర్చీలో కూర్చుండిపోయాడు.

"అడుగున మీరు రాసిందంతా ఉంటే రెండు పేజీలయ్యేది. ఒక్క పేజీలో పట్టాలని తీసేశానమ్మా" అన్నాడు. "మోసం చెయ్యాలని కాదు."

"తెలుసండి."

నిజంగానే ఆవిడకి తెలుసు. ఆయన మీద కోపం తెచ్చుకుందామన్నా రాలేదు. పొద్దుటి నుంచి ఆ బండీ ఈ బండీ పట్టుకుని తిరిగిన మనిషికి కోపానికి కూడా ఓపిక కావాలి కదా.

"ఎంతమందికి ఇచ్చారండి?" అని అడిగింది.

"లెక్క పెట్టుకోలేదు. పిల్లలు తీసుకున్నారు. వేరే కాలేజీల వాళ్ళు పట్టికెళ్ళారు. వాళ్ళు మళ్ళీ ఎవరికిచ్చారో..." ఆయన చెయ్యి గాల్లో అలా తిప్పాడు. "నాకు గుర్తున్న వాళ్ళందరికీ ఉత్తరాలు రాస్తానమ్మా. తప్పకుండా రాస్తాను."

కొందరికి రాశాడు. తరవాత ఆయనకి పరీక్షలు వచ్చాయి, పేపర్లు దిద్దడం వచ్చింది. మిగిలిన వాళ్ళకి రైల్లో కూర్చుని సుబ్బులే కార్డులు రాసింది. నిడుబ్రోలు నుంచి అప్పికట్ల దాకా బండి కుదుపు తక్కువ, అక్షరాలు కుదురుగా వచ్చేవి. 'మీ దగ్గరున్న కాగితంలో మొత్తం అన్న పేరు మార్చుకోగలరు.' కొన్నిటికి జవాబులు వచ్చాయి. ఒకాయన, 'మా ఫలితాలు ఇప్పటికే అచ్చయిపోయినవి, ఇప్పుడు ఈ విషయం ఎందుకు చెప్పుచున్నారు' అని రాశాడు. చాలామంది అసలు రాయలేదు.

హైదరాబాద్ నుంచి కుసుమకుమారి లెక్క తిరిగొచ్చేసరికి పొలాల్లో నాట్లకి దమ్ములు పడుతున్నాయి. కబురందుకుని ఆ అమ్మాయి బాపట్ల ఆఫీసుకే వచ్చింది. ఇద్దరూ బల్ల మీద కాగితం పరిచారు. ఈసారి చుక్క తరవాత అంకెలున్నాయి. మొదటి కారులో కొత్త రకం బాగా పైన ఉంది. రెండో కారులో కాస్త పైన. మూడో కారులో, తెగులొచ్చిన ఏడు, పాత రకమే మేలు. మూడూ కలిపి చూస్తే, కొత్తది మేలని గట్టిగా చెప్పడానికి వీల్లేదని తేలింది.

కుసుమకుమారి ఆ చివరి వరస మీద వేలు పెట్టింది.

"ఇంతా చేసి అదే మాటా అక్కా?" అంది. మేడమ్ పోయి అక్క ఎప్పుడయిందో ఇద్దరూ గమనించలేదు.

"దాదాపు అదే."

"మా నాన్న ఈసారి ఎకరం మొత్తానికీ కొత్త రకమే నారు పోశాడు. నా మాట మీదే పోశాడు."

"తెగులు రాకపోతే బాగానే పండుతుంది. కాగితం కూడా కాదనట్లేదు కదా" అంది సుబ్బులు. కాంటీన్లో ఇద్దరూ ఇడ్లీ తిన్నారు. స్టేషన్ దాకా కలిసి నడిచారు. దారిలో ఆ అమ్మాయి ఒకసారి ఆగి, "అప్పుడు తేడా లేదంటే నేను నమ్మలేదు. ఇప్పుడు నమ్ముతున్నాను. కష్టంగా ఉంది గానీ నమ్ముతున్నాను" అంది. ఆ మాట సుబ్బులుకి నచ్చింది. ఎందుకు నచ్చిందో చెప్పుకునే ఓపిక లేక ఊరుకుంది.

కుసుమకుమారి డిగ్రీ పూర్తి చేసింది. ఏడాది తిరక్కుండా అదే లెక్కల విభాగంలో అసిస్టెంటుగా చేరింది. వచ్చిన మొదటి వారంలోనే ముక్కల కాగితాలన్నీ ముందరేసుకుని ప్రశ్నలు మొదలుపెట్టింది. అడుగున ఉన్న మాటలు చదివి మరీ ప్రశ్నలడిగింది. అలాంటి మనిషిని సుబ్బులు ఆ ఆఫీసులో మొదటిసారి చూసింది.

ఆ వేసవిలో రేపల్లెలో చేపల శాఖ వాళ్ళ లెక్కల ఆఫీసులో ఒక ఖాళీ పడిందని గంగాధరరావు కబురు తెచ్చాడు. కంప్యూటర్ ఏమీ లేదు. నిజాంపట్నం రేవులో ఎన్ని పడవలొచ్చాయి, ఎంత చేప దిగింది అని పుస్తకంలో ఎక్కించడమే. హోదా కూడా ఇప్పటికంటే ఒక మెట్టు తక్కువే.

"నువ్వు చదివిన చదువుకి అదేం పని అంటారేమో" అన్నాడు గంగాధరరావు.

"ఎవరంటారు?"

"ఎవరో ఒకరు."

"అననియ్యండి. ఒక్క రైలు తగ్గితే నాకు చాలు."

బదిలీ కోరుతూ దశరథరామయ్య గారికి కాగితం పెట్టినప్పుడు ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఆయనకీ ఇంకో ఏడాదే సర్వీసు.

"హైదరాబాద్ కంప్యూటర్ వాళ్ళు రమ్మంటున్నారమ్మా నిన్ను. నేనే చెప్దామనుకుంటున్నాను. అక్కడైతే మిషను పక్కనే ఉంటావు. పదిరోజులు ఆగక్కర్లేదు."

ఆ చల్లటి గది సుబ్బులుకి నిజంగానే ఇష్టం. శిక్షణప్పుడు ఒకసారి తన ప్రోగ్రాం కళ్ళెదురుగా నడిచి కాగితం బయటికొస్తుంటే, నాన్న పడవ కెరటం దాటి ఒడ్డుకి తిరుగుతున్నప్పుడు చూసినట్టు చూసింది. అయిదేళ్ళ కిందట పిలిచి ఉంటే వెళ్ళేదేమో.

"వద్దులెండి సార్."

"మరి నీ ముక్కలు ఎవరు చూసుకుంటారు?"

"కుసుమ చూస్తుందండి. తను కూడా అలిసిపోతే ఇంకెవరో చూస్తారు."

ఆయన సంతకం పెట్టారు.

రేపల్లెలో స్టేషన్‌కి దగ్గర్లోనే ఇల్లు దొరికింది. సామానంతా పాసింజరు బండిలోనే వేసుకుని వెళ్ళారు. పేరమ్మ సూర్యలంక నుంచి వచ్చి నెల్లాళ్ళు ఉండి, నీళ్ళు బాగాలేవని రోజూ తిట్టుకుంటూ కూతురికి కూరలు వండి పెట్టింది. సుబ్బులు ఆఫీసుకి నడిచి వెళ్ళేది, నడిచి వచ్చేది. మొదటి నెలంతా ఇంటికి రాగానే ఒళ్ళెరక్కుండా నిద్రపోయేది. ఇంత నిద్ర తనలో ఎక్కడ దాగి ఉందో ఆవిడకే అర్థం కాలేదు.

కుసుమకుమారి ముక్కల కాగితాలు మళ్ళీ స్టెన్సిల్ కొట్టించింది. ఈసారి ఎవరి పేరూ లేదు. పైన తారీకు, దాని కింద 'దీనికి ముందు తీసిన కాగితాలు చింపెయ్యండి' అని ఒక మాట. సుబ్బులుకి ఒక ప్రతి పంపింది. సుబ్బులు దాన్ని అద్దం వెనక పెట్టి మరిచిపోయింది.

మరుసటేడు వానలు మొదలయ్యే ముందు ఆఫీసు పని మీద ఆవిడ గుంటూరు వెళ్ళింది. ఒక గదిలో సంతకం కోసం నిలబడి ఉంటే, ఎదురుగా గోడకి జిగురుతో అంటించిన కాగితం కనపడింది. అంచులు నూనె చేతులకి నల్లబడ్డాయి. సగటు కట్టే ముక్క. అడుగున తన మాటలు, వాటి పక్కన కుసుమ చేర్చిన మాటలు, వాటి కింద ఎవరో తెలియని మనిషి ఎర్ర సిరాతో రాసిన ఇంకో రెండు వరసలు. సుబ్బులు నిలబడే ఆ ఎర్ర వరసలు చదివింది. తప్పో ఒప్పో చప్పున తేలలేదు. చేతి సంచిలో పెన్ను ఉంది. తియ్యలేదు.

లోపల్నుంచి గుమాస్తా పిలిచాడు. సంతకం చేయించుకుని, బస్సు దొరుకుతుందో లేదోనని గబగబా మెట్లు దిగింది.